అమృతం నవ్వు వెనక కూలి లెక్క

పని చేసే చోటు మీద తీసిన కామెడీ ఏ దేశంలోనైనా ఆడిద్ది. ఇందులో పెద్ద రహస్యమేం లేదు. యజమాని తిక్క, ఎదురు కొట్టువాడి పోటీ, నెలాఖరు కటకట, పని ఎగ్గొట్టే తెలివి... ఇవి లేని చోటు భూమ్మీద లేదు. ఇంగ్లండువాళ్లకి, అమెరికావాళ్లకి ‘ది ఆఫీస్’ ఉంది. హిందీవాళ్లకి ‘ఆఫీస్ ఆఫీస్’ ఉంది. మనకి ‘అమృతం’ ఉంది. మనోళ్లు ఆఫీసు జోలికి పోకుండా హోటలు పెట్టారు, అంతే తేడా.

మా మంగళగిరిలో గాలిగోపురం చుట్టుపక్కల ఏ టిఫిన్ హోటలుకైనా పోయి ఒక గంట కూర్చోండి. గల్లాపెట్టె దగ్గర ఒకడు, పెనం దగ్గర చెమటోడుస్తా ఒకడు, బల్లల మధ్య పరిగెత్తే సర్వరు ఒకడు, అద్దె కోసం వచ్చి ఊరికే కాఫీ తాగిపోయే ఇంటి ఓనరు ఒకాయన, రోడ్డుకి అవతల కొత్తగా బోర్డు కట్టిన పోటీ హోటలు. ‘అమృతం’ మొత్తం అక్కడే కనపడిద్ది. అమృతరావు, ఆంజనేయులు, సర్వం, అప్పాజీ, పోటీగా అంబుజనాభం. పేర్లు మారతాయి గానీ మనుషులు వీళ్లే.

ఆ సీరియల్ ఆగిపోయేనాటికి ఇది చదివే మీలో చాలామంది ఇంకా బడిలో కూడా చేరి ఉండరు. అయినా మీ ఫోన్లలో అది ఆడతానే ఉంది. దాని గురించి తెర వెనక ముచ్చట్లంటే అందరికీ సరదా. నాకూ సరదానే. అవి చెప్తా. అయితే ఒక్కో ముచ్చటకీ వెనక ఒక పని ఉంది, ఆ పనికి ఒక కూలి ఉంది. ఆ లెక్క కూడా ఇయ్యాల మాట్లాడుకుందాం. ఎందుకంటే మీలో సగం మంది చేతిలో కెమెరా ఉంది, బుర్రలో స్కిట్టు ఉంది. రేపు ఈ లెక్క మీకే కావాల.

ఆరేళ్లు ఆరని పొయ్యి

2001 నవంబరు 18, ఆదివారం. జెమినీ టీవీలో ‘అమృతం’ మొదలైంది. 2007 నవంబరు 18, అదీ ఆదివారమే, చివరిసారి వచ్చింది. మొత్తం 313 ఎపిసోడ్లు. క్యాలెండరు ముందేసుకుని చూస్తే ఆ రెండు తారీఖుల మధ్య, అవి రెండూ కలుపుకుని, 314 ఆదివారాలు ఉన్నాయి. అంటే ఆరేళ్లపాటు దాదాపు ప్రతి వారం పొయ్యి వెలిగింది.

ఇది ఎంత పనో ఊహించండి. అరగంటలో ప్రకటనలు తీసేసి ఎపిసోడుకి 20 నిమిషాలే లెక్కేసుకున్నా 6,260 నిమిషాలు అయిద్ది. 104 గంటల పైన. రెండున్నర గంటల సినిమాలు నలభైకి పైగా తీసినట్టు. అది కూడా ఏడుపు సీరియల్ కాదు. ఏడుపుకి ఒక క్లోజప్పు, ఒక ఉరుము సౌండు ఉంటే ఐదు నిమిషాలు లాగొచ్చు. నవ్వు అట్టా సాగదు. నిమిషానికో మాట పేలాల. పేలకపోతే జనం చానల్ మార్చేస్తారు. ప్రతి వారం కొత్త చిక్కు, కొత్త తెలివితక్కువ పథకం, అది బెడిసికొట్టే పద్ధతి కొత్తగా రాయాల. 313 సార్లు.

దీని వెనక మనిషి గుణ్ణం గంగరాజు. 1996లో ‘లిటిల్ సోల్జర్స్’ తీసిన దర్శకుడు. ఆయన జస్ట్ ఎల్లో సంస్థే ఈ సీరియల్ తీసింది. మొదట్లో ఎపిసోడ్లు డైరెక్ట్ చేసిన చంద్రశేఖర్ యేలేటి ఆ తర్వాత 2003లో అదే గంగరాజు నిర్మాణంలో ‘ఐతే’ తీశాడు. ఆ సినిమాకి జాతీయ స్థాయిలో ఉత్తమ తెలుగు చిత్రం అవార్డు వచ్చింది. రాసినవాళ్లలో ఎస్.ఎస్. కాంచి ఉన్నాడు, హర్షవర్ధన్ ఉన్నాడు. ఈ హర్షవర్ధనే తర్వాత ‘ఇష్క్’, ‘గుండెజారి గల్లంతయ్యిందే’, ‘మనం’ సినిమాలకి మాటలు రాశాడు. అంటే ఆ హోటల్లో పిండి రుబ్బినోళ్లే తర్వాత సినిమాల్లో విందులు వండారు. వారం వారం పనే వాళ్లకి పాఠశాల.

పాట సంగతి చెప్పక్కర్లేదు. టైటిల్ పాట రాసింది సిరివెన్నెల సీతారామశాస్త్రి, బాణీ కళ్యాణి మాలిక్‌ది. అప్పటికే సినిమా పాటల్లో శిఖరం మీద ఉన్న మనిషి ఒక అరగంట సీరియల్‌కి పాట రాశాడు. ‘టీవీకేగా’ అని చెయ్యి విదిలించి రాయలా. చిన్న చిన్న కష్టాల్ని పెద్దవి చేసుకుని కుంగిపోవద్దని, నవ్వుతా దాటమని చెప్పే పాట అది. సీరియల్ ఆగి ఇన్నేళ్లయినా పెళ్లి వీడియోల్లో, పరీక్ష ఫెయిలైన కుర్రాళ్ల స్టేటసుల్లో అది తిరగతానే ఉంది.

ముగ్గురు అమృతాలు, ఒక్కడే ఆంజనేయులు

చాలామందికి తెలిసిన ముచ్చటే గానీ దీంట్లో ఉన్న విషయం ఎవరూ పట్టించుకోరు. అమృతరావు వేషం ముగ్గురు వేశారు. ముందు శివాజీ రాజా, తర్వాత నరేష్, ఆ తర్వాత హర్షవర్ధన్. అంటే మాటలు రాసే మనిషే అమృతం కూడా అయ్యాడు.

హీరో మారితే సినిమా ఆగిపోద్ది. ఇక్కడ సీరియల్ పేరున్న పాత్రే మారినా బండి ఆగలా. ఎందుకని? పక్కన ఆంజనేయులుగా గుండు హనుమంతరావు కదలకుండా ఉన్నాడు కాబట్టి. అప్పాజీగా శివన్నారాయణ, సర్వంగా ఇంటూరి వాసు, ఆంజనేయులు భార్య శాంతగా రాగిణి... ఇట్టా చుట్టూ ఉన్న జట్టు నిలబడింది కాబట్టి. మన పొలాల్లో కాడికి రెండెడ్లు ఉంటాయి. ఒక ఎద్దుని మార్చినప్పుడు పాత ఎద్దే కొత్తదానికి చాలు నేర్పిద్ది. గుండు హనుమంతరావు చేసింది అదే. ముగ్గురు అమృతాలకి ఆయనే చాలు చూపించాడు.

ఇది కామెడీలో ఉన్న అసలు పని సూత్రం. పంచ్ వేసినోడికి చప్పట్లు పడతాయి, దానికి ముందు మాట సరిగ్గా అందించినోడు కనపడడు. పోస్టరు మీద ముఖం ఒకటే ఉంటది, బరువు మోసేది పదిమంది.

2014లో గంగరాజే ‘అమృతం చందమామలో’ అని సినిమా తీశాడు. ఈసారి హోటలు చంద్రుడి మీద. అందులో అమృతం అవసరాల శ్రీనివాస్. 2020 ఉగాదికి, అంటే మార్చి 25న, జీ5లో ‘అమృతం ద్వితీయం’ వచ్చింది. అదే రోజు దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. హోటళ్లన్నీ మూతపడిన రోజు అమృత విలాస్ మళ్లీ తెరుచుకుంది. కానీ ఆంజనేయులు కుర్చీలో ఈసారి ఎల్బీ శ్రీరామ్ కూర్చున్నాడు. గుండు హనుమంతరావు అప్పటికి రెండేళ్ల ముందే పోయాడు. ఆ సంగతికి మళ్లీ వస్తా.

అదే ఏడు, ఇంకో రెండు చోట్ల

2001 చిత్రమైన ఏడు. ఆ జూలైలో ఇంగ్లండులో బీబీసీలో ‘ది ఆఫీస్’ మొదలైంది. కాగితాల కంపెనీలో పనికిమాలిన మేనేజరు కథ. అదే ఏడు మన దేశంలో సబ్ టీవీలో ‘ఆఫీస్ ఆఫీస్’ మొదలైంది. పంకజ్ కపూర్ వేసిన ముసద్దీలాల్ ఏ సర్కారు ఆఫీసుకి పోయినా సంతకానికి రేటు కట్టేవాళ్లే ఎదురవుతారు. నవంబరులో మన అమృతం. ముగ్గురూ ఒకళ్లని చూసి ఒకళ్లు తీయలా. ఎవరి వంట వాళ్లదే. అయినా మూడు చోట్లా నవ్వు పుట్టింది మామూలు మనిషి పని గోలలోంచే.

ఇంగ్లండు ‘ఆఫీస్’ని 2005లో అమెరికావాళ్లు ఎన్‌బీసీలో మళ్లీ తీశారు. 2013 దాకా 201 ఎపిసోడ్లు. దాంట్లో ఒక ముచ్చట నాకు బాగా నచ్చిద్ది. ఫిలిస్ స్మిత్ అనే ఆవిడ నటుల్ని ఎంపిక చేసే విభాగంలో పని చేసేది. ఆడిషన్‌కి వచ్చినోళ్లకి ఎదురు డైలాగులు చదివి పెట్టడం ఆవిడ పని. ఆవిడ చదివే తీరు చూసి ఈమెకే ఒక పాత్ర ఇద్దామన్నారు. కాగితాలు చదివే మనిషి తొమ్మిది సీజన్లు తెర మీద నిలబడింది. మిండీ కేలింగ్, బీజే నోవాక్, పాల్ లీబర్‌స్టీన్ రాసేవాళ్లే, నటించేవాళ్లే. మన హర్షవర్ధన్ లాగన్నమాట. కామెడీ ఎక్కడ తయారైనా వంటగది ఒకే రకంగా ఉంటది.

కానీ కూలి దగ్గరికి వచ్చేసరికి దారులు వేరైపోయాయి. అక్కడ ఏం జరిగిందో చూడాలంటే ముందు ఇక్కడ డబ్బు ఎట్టా తిరిగేదో తెలియాల.

అరగంట కౌలు

మన చానళ్ల వ్యాపారం మన పొలం కౌలు లాంటిదే. జెమినీ టీవీ సన్ గ్రూపుది. ఆ గ్రూపు చానళ్లలో బాగా నడిచిన పద్ధతి ఏందంటే, నిర్మాత చానల్‌కి అరగంటకి ఇంతని కట్టాల. బదులుగా ఆ అరగంటలో వచ్చే ప్రకటనల టైములో కొంత నిర్మాతకి ఇస్తారు. సబ్బు కంపెనీనో టీ పొడి కంపెనీనో పట్టుకుని ఆ టైము అమ్ముకోవాల. అమ్ముడుపోతే లాభం, పోకపోతే కౌలు మీద పడిద్ది. పంట పండినా ఎండినా కౌలు కట్టాల్సిన రైతు గోలే.

కాబట్టి నిర్మాత నెత్తిన బరువు లేదని నేను అనను. ఉంది. ఈ వ్యాసం ఒక్క అమృతం మీదో, ఒక్క నిర్మాత మీదో వేలెత్తడానికి రాసింది కాదు. పద్ధతి గురించి మాట్లాడతన్నా.

ఈ కౌలు పద్ధతిలో ఒక మంచి ఉంది. సరుకు మీద హక్కు నిర్మాత దగ్గర మిగిలే వీలుంటది. చానల్ తన సొంత డబ్బు పెట్టి తీయిస్తే ఆ సరుకు చానల్‌దే అయిపోద్ది. హక్కు చేతిలో మిగిలినోడు పదేళ్ల తర్వాత కొత్త సంత వస్తే అక్కడ మళ్లీ దుకాణం తెరవొచ్చు. యూట్యూబు అట్టాంటి సంత. అది పుట్టిందే 2005లో, అమృతం సగం దారిలో ఉన్నప్పుడు. 2001లో మొదటి ఎపిసోడుకి మేకప్ వేసుకున్న ఏ నటుడికీ తన ముఖం ఒకనాడు పత్తి చేలో కూర్చున్న కుర్రాడి జేబులో నవ్విద్దని తెలియదు. తెలియనిదానికి బేరం ఎట్టా ఆడతాడు?

మన టీవీలో ఆనవాయితీ ఇది: నటుడికి రోజుకి ఇంత, రచయితకి ఎపిసోడుకి ఇంత. ప్యాకప్ చెప్పాక లెక్క చెల్లు. ఆ ఎపిసోడు తర్వాత ఎన్నిసార్లు తిరిగినా, ఏ సంతలో అమ్ముడైనా, మొదటి రోజు కూలే కూలి.

2007 నవంబరు

ఇప్పుడు తారీఖులు చూడండి. ‘అమృతం’ ముగిసింది 2007 నవంబరు 18న. దానికి సరిగ్గా 13 రోజుల ముందు, నవంబరు 5న, అమెరికాలో సినిమా, టీవీ రచయితలు సమ్మెకి దిగారు. 2008 ఫిబ్రవరి 12 దాకా, వంద రోజులు. అడిగిందేంది? మేం రాసినవి ఇంటర్నెట్‌లో వాడుకుంటన్నారు, దాంట్లో మా వాటా ఏదీ అని.

‘ది ఆఫీస్’ రచయితలు మొదటి వరసలో ఉన్నారు. స్టూడియో బయట నిలబడి ఒక వీడియో తీసి నెట్టులో పెట్టారు. వాళ్ల కథ వింటే మన కామెడీ స్కిట్టులాగే ఉంటది. 2006లో నెట్టులో వేయడానికని చిన్న చిన్న ఎపిసోడ్లు రాశారు. వాటికి డేటైమ్ ఎమ్మీ అవార్డు వచ్చింది. డబ్బులు మాత్రం రాలేదు, ఎందుకంటే కంపెనీ లెక్కలో అవి ‘ప్రచారం’. అవార్డు వచ్చేంత మంచి పని, కూలి ఇచ్చేంత పని కాదన్నమాట!

ఆ షోలో మేనేజరు వేషం వేసే స్టీవ్ కెరెల్ పెద్ద స్టారు. ఆయన రచయితల వరస దాటి సెట్టుకి రాలేదు. ఆయన రాకపోతే షూటింగు లేదు. ఆగిపోయింది. ఆ ఏడు సీజనే కురచైపోయింది. తెర మీద తిక్క యజమాని, బయట కూలోళ్ల పక్కన నిలబడిన మనిషి. నాకు ఆ షోలో ఎన్ని జోకులున్నా ఈ తెర వెనక ముచ్చటే పెద్దది.

ఆ సమ్మెతో అన్నీ రాలేదు. కానీ ఇంటర్నెట్‌లో కూడా మా వాటా ఉందన్న మాట కాగితం మీదకి ఎక్కింది. ఆ కాగితం విలువ తర్వాత తెలిసింది. 2020లో అమెరికాలో ఓటీటీల్లో అందరికన్నా ఎక్కువ చూసిన షో ఏదో తెలుసా? ఏడేళ్ల ముందే ఆగిపోయిన ‘ది ఆఫీస్’. నీల్సన్ లెక్క ప్రకారం ఆ ఒక్క ఏడు 5,700 కోట్ల నిమిషాల పైన చూశారు. అంతకు ముందే 2019లో దాన్ని ఐదేళ్లకి 50 కోట్ల డాలర్లకి తమ ఓటీటీకి తెచ్చుకుంటన్నట్టు ఎన్‌బీసీ వాళ్లు ప్రకటించారు. పాత సరుకు కొత్త సరుకు కన్నా ఎక్కువ ధర పలికింది. 2023లో వాళ్ల రచయితలు మళ్లీ 148 రోజులు సమ్మె చేసి, బాగా చూసిన షోలకి చూసినదాన్ని బట్టి అదనంగా ఇచ్చేట్టు ఒప్పించుకున్నారు.

చీర ఒకసారే అమ్ముడవుద్ది

ఇక్కడ మా ఊరి మగ్గం గుర్తు తెచ్చుకుంటే విషయం బాగా అర్థమైద్ది. మంగళగిరిలో గుంట మగ్గం మీద కూర్చున్న నేతన్నకి మాస్టర్ వీవర్ నూలిస్తాడు. ఇంట్లో ఆడాళ్లు కండెలు చుడతారు. వాళ్ల పనికి విడిగా లెక్కే ఉండదు. నేత అయ్యాక చీరకి ఇంతని మజూరీ. ఆ చీర విజయవాడ దాటి, హైదరాబాదు దాటి, ఎక్కడో అద్దాల షాపులో ఎంతకి పోయినా నేతన్నకి ముట్టేది ఆ మజూరీనే. అన్యాయమే. దాని మీద మనం దశాబ్దాల నుంచి మాట్లాడతానే ఉన్నాం.

కానీ చీర ఒకసారే అమ్ముడవుద్ది. కట్టుకున్నాక నలుగుద్ది, చిరుగుద్ది. సీరియల్ నలగదు. ఒకసారి నేసిన చీరని ఇరవై ఏళ్లపాటు రోజుకి వేలసార్లు అమ్ముకోవచ్చంటే ఎట్టా ఉంటది? వీడియో అట్టాంటి చీర. ఎన్నిసార్లు చూసినా రంగు పోదు. చూసిన ప్రతిసారీ ముందో ప్రకటన, మధ్యలో ఇంకో ప్రకటన. మరి మజూరీ మాత్రం ఒక్కసారే అంటే, నేతన్నకి జరిగే అన్యాయం కన్నా ఇది లెక్కలో పెద్దది.

గుండు హనుమంతరావు విజయవాడ మనిషి. మాకు కృష్ణ దాటితే విజయవాడే. 1956లో పుట్టాడు, నాటకాల్లో పెరిగాడు, 1987లో జంధ్యాల ‘అహ నా పెళ్లంట’తో జనానికి తెలిశాడు. వందల సినిమాల్లో వేశాడు. ఆరేళ్లు ఆంజనేయులు. ఆఖరి రోజుల్లో కిడ్నీల జబ్బుతో మంచాన పడ్డాడు. వైద్యానికి చిరంజీవి 2 లక్షలు సాయం చేశాడు, తెలంగాణ ప్రభుత్వమూ ఆదుకుంది. 2018 ఫిబ్రవరి 19న హైదరాబాదులో పోయాడు.

సాయం చేసినవాళ్లకి దణ్ణం పెడతా. కష్టంలో ఉన్న మనిషికి చెయ్యి అందించడం చిన్న విషయం కాదు. కానీ ఒక మాట ఆలోచించండి. ముప్పై ఏళ్లు ఈ రాష్ట్రాలని నవ్వించిన మనిషి వైద్యానికి ఎవరో ఒకరు దయ తలచాల్సిన పరిస్థితి ఎందుకొచ్చింది? ఆయన ముఖం ఉన్న ప్రతి సినిమా, ప్రతి ఎపిసోడు ఎక్కడో ఒకచోట ఆడతానే ఉందిగా! ఆడిన ప్రతిసారీ పైసా వంతున వచ్చే పద్ధతి ఉంటే, ఆ మనిషి ఎవరి గుమ్మం వైపూ చూడక్కర్లేదు. దయ మనిషిని బట్టి ఉంటది. ఈయనకి దొరికింది, పేరు తెలియని నటుడికి దొరకదు. హక్కు అట్టా కాదు. పేరున్నోడికీ లేనోడికీ ఒకటే.

చట్టం ఏమంటది

మన దేశంలో చట్టం లేదనుకోవద్దు. ఉంది. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించారు. రాజ్యసభలో జావేద్ అఖ్తర్ దీనికోసం గట్టిగా నిలబడ్డాడు. ఆ సవరణలో మనకి కావాల్సిన ముక్కలు విడమర్చి చెప్తా.

మొదటిది: సినిమాలోగానీ సీరియల్లోగానీ వాడిన రచనకి, పాటకి, సంగీతానికి థియేటర్ బయట వచ్చే ఆదాయంలో రాయల్టీ హక్కు రాసినోళ్లకి, బాణీ కట్టినోళ్లకి ఉంటది. ఆ హక్కుని నిర్మాతకి రాసిచ్చేశానని సంతకం పెట్టినా చెల్లదు. వారసులకి, లేకపోతే ఆ డబ్బు వసూలు చేసే కాపీరైట్ సంఘానికి తప్ప ఎవరికీ ఇవ్వకూడదు.

రెండోది: ఒప్పందం రాసుకున్ననాటికి లేని కొత్త సాధనానికి, కాగితంలో దాని పేరు ప్రత్యేకంగా రాయకపోతే, ఆ ఒప్పందం వర్తించదు. రేపు ఫోను పోయి కళ్లజోడులో సినిమా చూసే రోజొస్తే, దాని మాట ఇయ్యాల కాగితంలో లేకపోతే హక్కు మీ దగ్గరే.

మూడోది నటులది. వాళ్ల నటనని వాణిజ్యానికి వాడుకుంటే రాయల్టీకి అర్హులని చట్టంలో ఉంది. కానీ ఒక మెలిక పెట్టారు. ఏదో కాసేపు కనపడి పోయే పాత్ర అయి, పేర్లలో పేరు కూడా పడకపోతే ఆ మనిషిని చాలా వాటికి ‘ప్రదర్శకుడు’గా లెక్కేయరు. చివర్లో గబగబా పైకి పోయే ఆ పేర్ల జాబితాని మనం ఎవరం చదవం. అందులో పేరు ఉండటం, లేకపోవటం మీద ఒక మనిషి హక్కు ఆధారపడి ఉంది.

చట్టం ఉందిగా, మరి డబ్బు ఎందుకు రాదు? పాటలవాళ్లకి 1969 నుంచి ఐపీఆర్ఎస్ అనే సంఘం ఉంది. పాట ఆడిన చోట వసూలు చేసి పంచుద్ది. గొడవలు, కోర్టులు ఎన్నున్నా ఒక దారి ఉంది. మాటలు రాసినోళ్లకి, నటించినోళ్లకి అంత బలమైన దారి మన దగ్గర పడలేదు. ఒంటరి మనిషి నిర్మాతని అడిగితే తర్వాత వేషం రాదు. చట్టం బావిలో నీళ్లలాంటిది. చేద లేకపోతే దాహం తీరదు. సంఘమే ఆ చేద.

ఇంకో సంగతి. సినిమా కార్మికుల కోసం 1981లో చేసిన చట్టం సినిమాలకే పరిమితమై ఉండేది. టీవీ వాళ్లు దాని కిందకి రాలేదు. ఎన్నో ఏళ్లు సీరియళ్లలో లైటు మోసినోడికి, మేకప్ వేసినోడికి రాతపూర్వక ఒప్పందం ఉండాలన్న రూలు కూడా లేదు. 2020లో పార్లమెంటు చేసిన వృత్తి భద్రత కోడ్‌లో ‘ఆడియో విజువల్ వర్కర్’ అన్న మాట తెచ్చి, డిజిటల్ పనిని కూడా కలిపి, ఒప్పందం రాతలో ఉండాలన్నారు. ఆ కోడ్ల మీద మాకు వంద అభ్యంతరాలున్నాయి, వేరేగా రాస్తా. ఈ ఒక్క ముక్క మాత్రం పట్టుకుని వాడుకోవాల్సిందే.

అడిగితే ఏమొస్తది అనేవాళ్లకి దగ్గరి ఉదాహరణ ఉంది. 2025 ఆగస్టులో హైదరాబాదులో తెలుగు సినిమా కార్మికుల ఫెడరేషన్ 30 శాతం కూలి పెంచమని సమ్మె చేసింది. షూటింగులు ఆగాయి. అడిగినంతా రాలేదు గానీ పెరిగింది. అందరూ కలిసి ఆపారు కాబట్టే పెరిగింది.

మీ స్కిట్టుకి కాగితం ఉందా?

ఇయ్యాల ఊరూరా కామెడీ తయారైతంది. తెలంగాణలో లంబాడిపల్లి నుంచి ‘మై విలేజ్ షో’ పుట్టింది, పొలం పని చేసుకునే గంగవ్వ ప్రపంచానికి తెలిసింది. మన వైపు కూడా మిరప కల్లాల్లో, జిన్నింగు మిల్లు గోడల పక్కన కుర్రాళ్లు, ఆడపిల్లలు స్కిట్లు తీస్తన్నారు. చానల్ పేరు ఒకడిది, ఫోను ఒకడిది, రాసేది ఒకమ్మాయి, నటించేది నలుగురు. డబ్బు రానంతకాలం అందరూ అన్నదమ్ములే. మొదటి లక్ష రాగానే పాస్‌వర్డు ఎవరి దగ్గరుందో వాడే యజమాని అయిపోతన్నాడు. అమృతం, ఆంజనేయులు కాస్తా అమృతం, అంబుజనాభం అయిపోతన్నారు.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, నాలుగు పనులు చెయ్యండి.

ఒకటి. మొదలెట్టేటప్పుడే ఒక తెల్లకాగితం మీద రాసుకోండి. రాసేది ఎవరు, తీసేది ఎవరు, నటించేది ఎవరు, వచ్చినదాంట్లో ఎవరికెంత. అందరూ సంతకాలు పెట్టండి. స్నేహం చెడుద్దని భయపడొద్దు. కాగితం లేకపోవటం వల్లే స్నేహాలు చెడేది.

రెండు. ఏదైనా పెద్ద చానలో కంపెనీయో మీ కథ కొంటామంటే ‘అన్ని హక్కులు, శాశ్వతంగా’ అన్న మాట ఉందేమో చూడండి. ఎన్నేళ్లు, ఏ ఏ చోట్ల అని రాయమనండి. కాగితంలో గడువు రాయకపోతే చట్టం ప్రకారం హక్కు ఇచ్చింది ఐదేళ్లకే. ప్రాంతం రాయకపోతే ఇండియాకే. అసలు రాత, సంతకం లేని బదిలీ చెల్లదు. అయితే నెల జీతానికి ఉద్యోగంలో చేరి రాస్తే, వేరే మాట రాసుకోకపోతే అది యజమానిదే అయిద్ది. చేరేముందే తెలుసుకోండి.

మూడు. వీడియో చివర అందరి పేర్లు వెయ్యండి. మైకు పట్టుకున్నోడిది, ఇల్లిచ్చిన అత్తది, టీ తెచ్చిన పిల్లాడిది కూడా. ఖర్చు లేని పని. రేపు అదే సాక్ష్యం.

నాలుగు. జిల్లాకి ఒకటైనా ఇట్టా వీడియోలు చేసేవాళ్ల సంఘం పెట్టుకోండి. ఒక్కో పోగు పట్టుకుని లాగితే తెగుద్ది. పడుగూ పేకా కలిసి బట్టయితే ఎవడూ తెంచలేడు. మా ఊళ్లో ఇది పిల్లలకి కూడా తెలుసు.

అమృతం చూడటం మానమని నేను చెప్పను. చూడండి, కడుపారా నవ్వండి. అది మన తెలుగు టీవీ చేసిన మంచి పనుల్లో ఒకటి. చూసేటప్పుడు చివర్లో పేర్లు వస్తాయి. వేలు పెట్టి తోసెయ్యకుండా ఒక్కసారి ఆగి చదవండి. అక్కడున్న ఒక్కో పేరూ ఒక ఆదివారం మనకోసం పని చేసిన మనిషిది.